కొత్త కెర్నల్ ఎక్కడికి పోయింది?



లినక్స్ వాడేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు తగిలే ఒక చిక్కు గురించి ఈ పూట మాట్లాడతాను. కెర్నల్ అప్‌డేట్ చేస్తాం. ప్యాకేజీ దిగుతుంది, ఇన్‌స్టాల్ అవుతుంది, ఎక్కడా తప్పు జరిగినట్టు కనిపించదు. రీస్టార్ట్ చేస్తే మెషీన్ మామూలుగానే లేస్తుంది. మనం పనిలో పడిపోతాం. కానీ లోపల నడుస్తున్నది నిన్నటి కెర్నలే. కొత్తది డిస్కు మీద భద్రంగా ఉంది. దాన్ని లేపవలసిన బూట్‌లోడర్‌కు మాత్రం అది కనబడలేదు.

తెర నల్లబడి మెషీన్ ఆగిపోతే ఎవరో ఒకరిని పిలిచి చూపిస్తాం. ఇక్కడ ఏదీ ఆగదు. అందుకే దీన్ని నేను చిన్న లోపంగా చూడలేను. 2022 మార్చిలో మాక్స్ కెల్లర్‌మన్ అనే ప్రోగ్రామర్ లినక్స్ కెర్నల్‌లో ఉన్న ఒక రంధ్రాన్ని బయటపెట్టారు. దానికి డర్టీ పైప్ అని పేరు. ఆ మెషీన్‌లో మామూలు ఖాతా ఉన్న మనిషి కూడా, తనకు చదివే అనుమతి మాత్రమే ఉన్న ఫైలులోకి రాయగలిగేవాడు, ఆ దారిన రూట్ అధికారం చేజిక్కించుకోగలిగేవాడు. 5.8 కెర్నల్ నుంచి ఆ లోపం ఉంది. 5.16.11, 5.15.25, 5.10.102 విడుదలల్లో దాన్ని సరిదిద్దారు. ఇప్పుడు ఒక కాలేజీ సర్వర్‌ను ఊహించండి, వందల మంది విద్యార్థులకు అందులో ఖాతాలున్నాయి. దాన్ని చూసుకునే ఉద్యోగి శ్రద్ధగా అప్‌డేట్ చేశారు, రీస్టార్ట్ కూడా చేశారు. మెషీన్ పాత కెర్నల్‌తోనే లేచింది. ఆయన చేయవలసిందంతా చేశారు, రంధ్రం మాత్రం తెరిచే ఉంది.

ఇది ఎలా జరుగుతుందో తెలియాలంటే మెషీన్ ఆన్ చేసిన తొలి క్షణాలు చూడాలి. ముందు ఫర్మ్‌వేర్ మేలుకుంటుంది. పాత మెషీన్లలో బయాస్, ఇప్పటివాటిలో యూఈఎఫ్ఐ. అది బూట్‌లోడర్‌ను వెతికి లేపుతుంది. మన ఉబుంటు, డెబియన్, ఫెడోరాల్లో అది సాధారణంగా గ్రబ్. గ్రబ్ రెండు ఫైళ్లను మెమరీలోకి తెస్తుంది. ఒకటి వీఎమ్‌లినజ్, అంటే కెర్నల్. రెండోది ఇనిట్‌ఆర్‌డీ, డిస్కును అందుకోవడానికి కెర్నల్‌కు మొదట్లో కావలసిన డ్రైవర్ల మూట. ఆ తర్వాత పగ్గాలు కెర్నల్‌కు ఇచ్చి గ్రబ్ తప్పుకుంటుంది.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. కొత్త కెర్నల్‌ను తెచ్చిపెట్టే ప్యాకేజీ మేనేజర్ లినక్స్ లేచిన తర్వాత పని చేస్తుంది. గ్రబ్ లినక్స్ లేవక ముందు పని చేస్తుంది. ఈ రెండూ ఎప్పుడూ ఒకేసారి మెలకువగా ఉండవు. ఒకటి చేసిన పని రెండోదానికి తెలియాలంటే డిస్కు మీద రాసిపెట్టిన ఫైళ్లే ఆధారం. ఇంట్లో బిడ్డ పుట్టింది, రేషన్ కార్డులో పేరు ఎక్కలేదు అనుకోండి. బిడ్డ ఉయ్యాలలో కళ్లెదుట ఉన్నా డీలర్ కార్డు చూసే బియ్యం కొలుస్తాడు. గ్రబ్ కూడా అంతే, తన జాబితా చూసుకుంటుంది. జాబితాలో పేరు లేకపోవచ్చు. లేదా మనం పేరు ఎక్కించిన జాబితా ఒకటి, అది చదివే జాబితా ఇంకొకటి కావచ్చు. ఈ రెండో సంగతే మనుషులను ఎక్కువ తిప్పలు పెడుతుంది. ఈ ప్రసంగంలో ఎక్కువ సేపు దాని దగ్గరే ఆగుతాను.

ఈ జాబితా గొడవ కొత్తది కాదు. 1990లలో లినక్స్ వాడినవాళ్లకు లైలో గుర్తుంటుంది. వెర్నర్ ఆల్మెస్‌బెర్గర్ రాసిన బూట్‌లోడర్ అది. బయాస్ చదివే మొదటి సెక్టారు 512 బైట్లు. అందులో పార్టిషన్ పట్టిక పోగా కోడ్‌కు మిగిలేది 446 బైట్లు. అంత ఇరుకులో మొదలయ్యే ప్రోగ్రాముకు ఫైల్‌సిస్టమ్ చదివే తెలివి పెట్టలేదు. అందుకని కెర్నల్ డిస్కులో ఏయే బ్లాకుల్లో ఉందో ముందే లెక్క రాసుకునేది. కెర్నల్ మార్చిన ప్రతిసారీ లైలో కమాండ్ మళ్లీ నడపాలి. పాత పేరుతోనే కొత్త కెర్నల్ పెట్టినా సరే, బ్లాకులు మారిపోతాయి కాబట్టి నడపాల్సిందే. మరిచిపోతే మెషీన్ లేవకపోవచ్చు. తెర మీద ఆ పేరులోని నాలుగు ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే పడేవి, ఏ అక్షరం దగ్గర ఆగితే ఆ మెట్టులో లోపం ఉన్నట్టు.

1995లో ఎరిక్ బోలిన్ గ్నూ హర్డ్ అనే వ్యవస్థను లేపడానికి గ్రబ్ రాయడం మొదలుపెట్టాడు. గ్రబ్ గొప్పతనం, ఫైల్‌సిస్టమ్‌ను తానే చదవగలగడం. బ్లాకుల లెక్క అక్కర్లేదు, ఫైలు పేరు చెబితే చాలు. గ్రబ్ మెనూలో సి అక్షరం నొక్కి, వచ్చిన ప్రాంప్ట్ దగ్గర ఎల్‌ఎస్ అని కొడితే మీ డిస్కులన్నీ కనిపిస్తాయి. ఏ లినక్సూ లేవకముందే మీ ఫైళ్లను మీరు చూడవచ్చు. మొదటిసారి చూసినవాళ్లకు అది నిజంగా ఆశ్చర్యం కలిగిస్తుంది. అయితే రోజూ మనం చూసే మెనూ మాత్రం గ్రబ్ అప్పటికప్పుడు డిస్కు వెతికి తయారు చేసేది కాదు. గ్రబ్ డాట్ సీఎఫ్‌జీ అనే ఫైలులో ముందే రాసి పెట్టిన జాబితా. కొత్త కెర్నల్ వచ్చినప్పుడు ఆ ఫైలును ఎవరో ఒకరు తిరగరాయాలి. లైలో కాలపు మరపు మరో రూపంలో మిగిలే ఉందన్నమాట.

డెబియన్, ఉబుంటుల్లో ఆ తిరగరాత దానంతట అదే జరుగుతుంది. కెర్నల్ ప్యాకేజీ దిగాక, ఈటీసీ కింద కెర్నల్, దాని కింద పోస్ట్‌ఇన్‌స్ట్ డాట్ డి అనే డైరెక్టరీలోని చిన్న స్క్రిప్టులు అక్షర క్రమంలో నడుస్తాయి. వాటిలో ఒకటి ఇనిట్‌ఆర్‌డీని తయారు చేస్తుంది. గ్రబ్ జాబితాను తిరగరాసే స్క్రిప్టు పేరు జడ్‌జడ్-అప్‌డేట్-గ్రబ్. ముందు రెండు జడ్‌లు ఎందుకంటే, అక్షర క్రమంలో అది చివర రావాలి, ఇనిట్‌ఆర్‌డీ తయారయ్యాకే జాబితా రాయాలి. ఈ వరుసలో ముందున్న స్క్రిప్టు విఫలమైతే పని అక్కడే ఆగుతుంది, జాబితా పాతదే ఉండిపోతుంది. ఇది గుర్తుంచుకోండి, కాసేపట్లో మళ్లీ అవసరం పడుతుంది.

ఇప్పుడు కాగితం, పెన్సిలు అందుబాటులో ఉంటే తీసుకోండి. చెప్పబోయే కమాండ్లు పొట్టివే.

మొదటిది యూనేమ్, ఖాళీ, హైఫన్, చిన్న ఆర్. ఇప్పుడు నడుస్తున్న కెర్నల్ ఏదో చెబుతుంది. డెబియన్ 12లో అయితే 6.1.0-17-ఏఎమ్‌డీ64 లాంటి పేరు వస్తుంది. మీరు 18 వేశారు, ఇక్కడ 17 వచ్చింది. అయితే పాతదే నడుస్తోంది. డెబియన్ వాడేవాళ్లకు ఇక్కడ ఒక జాగ్రత్త. కొన్ని అప్‌డేట్లలో ఈ పేరు మారదు, లోపలి సరుకు మారుతుంది. అందుకని యూనేమ్ హైఫన్ వి కూడా కొట్టండి. అసలు వెర్షన్, తయారైన తేదీ అందులో కనిపిస్తాయి. 18 అన్న పేరు వెనక ఉన్నది 6.1.76-1. పేరు మారలేదు కాబట్టి అప్‌డేట్ కాలేదని అనుకుని, బాగున్న మెషీన్‌ను విప్పుకోకూడదు. అసలు రీస్టార్టే చేయలేదేమో కూడా ముందే చూసుకోండి. రీస్టార్ట్ అయ్యేదాకా పాత కెర్నలే నడవడం సహజం, అది లోపం కాదు.

రెండో కమాండ్ నాకు చాలా ఇష్టమైనది. దీన్ని అడగకుండానే గ్రబ్ తిరగరాయడం, మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం మొదలుపెట్టేవాళ్లను చూస్తే బాధేస్తుంది. క్యాట్, ఖాళీ, స్లాష్ ప్రాక్ స్లాష్ సీఎండీలైన్. బూట్‌లోడర్ కెర్నల్‌కు అందించిన వాక్యం యథాతథంగా తెర మీదికి వస్తుంది. అందులో బూట్ అండర్‌స్కోర్ ఇమేజ్ అనే ముక్క దగ్గర ఆగి చూడండి. గ్రబ్ ఏ ఫైలును ఏ దారిలో తీసుకుందో అక్కడ ఉంటుంది. స్లాష్ వీఎమ్‌లినజ్ అని మొదలైతే, గ్రబ్ విడిగా ఉన్న బూట్ పార్టిషన్ లోంచి చదివినట్టు. స్లాష్ బూట్ స్లాష్ వీఎమ్‌లినజ్ అని ఉంటే, సాధారణంగా రూట్ పార్టిషన్‌లోని బూట్ డైరెక్టరీ లోంచి చదివినట్టు. ఫెడోరాలో డిస్కు నంబరు, పార్టిషన్ నంబరు కూడా బ్రాకెట్‌లో వస్తాయి. మెషీన్‌ను ఎవరు లేపారు, ఎక్కడి నుంచి లేపారు అనే ప్రశ్నకు మెషీనే ఇచ్చే సాక్ష్యం ఇది.

ఆ సాక్ష్యం పట్టుకుని మూడో కమాండ్ అడగండి. ఫైండ్‌ఎమ్‌ఎన్‌టీ, ఖాళీ, స్లాష్ బూట్. బూట్ డైరెక్టరీకి విడి పార్టిషన్ మౌంట్ అయి ఉంటే దాని వివరం వస్తుంది. ఏమీ రాకపోతే మౌంట్ కాలేదు. ఇప్పుడు రెండూ కలిపి చదవండి. గ్రబ్ విడి పార్టిషన్ లోంచి చదివింది, కానీ లినక్స్‌లో ఆ పార్టిషన్ మౌంట్ కాలేదు. ఇంక వెతకక్కర్లేదు. బూట్ పార్టిషన్ మౌంట్ కానప్పుడు కూడా బూట్ అనే ఖాళీ డైరెక్టరీ రూట్‌లో ఉంటుంది. ప్యాకేజీ మేనేజర్ కొత్త కెర్నల్‌ను అందులో పెట్టింది. గ్రబ్ జాబితాను తిరగరాసి ఉంటే అది కూడా అక్కడే. ప్రతి మెట్టూ విజయవంతం అని చెప్పింది, దాని వరకు అది నిజమే. గ్రబ్ మాత్రం విడి పార్టిషన్‌లోని పాత జాబితా చదివి పాత కెర్నల్‌ను లేపింది. అదీ నిజమే.

మౌంట్ ఎందుకు తప్పుతుంది? ఎఫ్‌ఎస్‌ట్యాబ్ అనే ఫైలులో బూట్ వరుస లేకపోవచ్చు. పార్టిషన్‌ను ఫార్మాట్ చేస్తే దాని గుర్తింపు సంఖ్య, అంటే యూయూఐడీ, మారిపోతుంది. పాత సంఖ్య ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఉండిపోయి, పక్కన నోఫెయిల్ అని ఉంటే మౌంట్ చడీచప్పుడు లేకుండా తప్పిపోతుంది. జెంటూ వాడేవాళ్లలో కొందరు బూట్ పార్టిషన్‌ను కావాలనే నోఆటో అని పెట్టి, అవసరమైనప్పుడే మౌంట్ చేసుకుంటారు. అది మంచి అలవాటే, అప్‌డేట్ రోజున గుర్తున్నంతవరకు.

సరిచేయడం తేలిక. ముందు బూట్ పార్టిషన్‌ను మౌంట్ చేయండి. చేయగానే ఒక వింత కనిపిస్తుంది. ఇందాక బూట్ డైరెక్టరీలో ఉన్న కొత్త కెర్నల్ మాయమవుతుంది. కంగారు పడకండి, పైన పార్టిషన్ వచ్చి కూర్చుంది, కిందివి మరుగున పడ్డాయి, అంతే. ఇప్పుడు ఆ కెర్నల్ ప్యాకేజీని రీఇన్‌స్టాల్ చేయండి. డెబియన్‌లో ఏపీటీ ఇన్‌స్టాల్, హైఫన్ హైఫన్ రీఇన్‌స్టాల్, తర్వాత ప్యాకేజీ పూర్తి పేరు. ఫైళ్లను చేత్తో కాపీ చేయడం కన్నా ఇదే మేలు. ఇనిట్‌ఆర్‌డీ, జాబితా అన్నీ వరుసలో వాటంతట అవే తయారవుతాయి. అడుగున మరుగుపడిన ఫైళ్లు రూట్‌లో చోటు తింటూ ఉంటాయి. రూట్‌ను బైండ్ మౌంట్‌గా ఎమ్‌ఎన్‌టీ డైరెక్టరీ కింద పెట్టి చూస్తే కనిపిస్తాయి, తీసేయవచ్చు. ఎఫ్‌ఎస్‌ట్యాబ్ కూడా సరిచేసుకోండి, లేకపోతే వచ్చే నెల అప్‌డేట్‌కు ఇదే కథ.

ఆర్చ్ లినక్స్‌లో ఇదే లోపం మరింత కఠినంగా వస్తుంది. ఆర్చ్‌లో కెర్నల్ అప్‌డేట్ అయినప్పుడు పాత కెర్నల్ మాడ్యూళ్లను కూడా తీసేస్తారు. బూట్ పార్టిషన్ మౌంట్ కాని రోజున అప్‌డేట్ చేస్తే, గ్రబ్ పాత కెర్నల్‌ను లేపుతుంది. ఆ కెర్నల్ తన మాడ్యూళ్ల కోసం వెతికితే ఉండవు. వైఫై రాదు, కొత్తగా పెట్టిన యూఎస్‌బీ పరికరాలు పలకకపోవచ్చు. పోనీ బూట్ పార్టిషన్ మౌంట్ చేద్దామంటే, అది ఫ్యాట్ ఫైల్‌సిస్టమ్ అయితే వీఎఫ్ఏటీ మాడ్యూల్ కావాలి, అది కూడా పోయింది. తెలియని ఫైల్‌సిస్టమ్ అని జవాబొస్తుంది. పార్టిషన్ పాడైందని భయపడి ఫార్మాట్ చేయకండి, దయచేసి. పార్టిషన్ బాగానే ఉంది. లైవ్ పెన్‌డ్రైవ్‌తో లేచి, రూట్‌నూ బూట్‌నూ వాటి వాటి చోట మౌంట్ చేసి, సీహెచ్‌రూట్ ద్వారా మీ వ్యవస్థలోకి వెళ్లి కెర్నల్ ప్యాకేజీ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే చాలు. ఆర్చ్‌లో కెర్నల్ ఫైలు పేరు అప్‌డేట్‌కు మారదు కాబట్టి, గ్రబ్ జాబితాను కూడా ముట్టుకోవక్కర్లేదు.

ఇక రెండు డిస్కుల సంగతి. మనవైపు ఇది తరచుగా ఎదురవుతుంది. పాత డెస్క్‌టాప్ నెమ్మదించిందని సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీకి వెళ్లి ఒక ఎస్‌ఎస్‌డీ కొంటారు. పాత హార్డ్ డిస్కును దాని మీదికి యథాతథంగా క్లోన్ చేస్తారు. పాతదాన్ని పారేయడం ఎందుకని ఫొటోలకీ సినిమాలకీ లోపలే ఉంచుతారు. అన్నీ బాగున్నట్టే ఉంటుంది. కానీ క్లోన్ అంటే యూయూఐడీ కూడా క్లోన్ అయినట్టే. గ్రబ్ తన పార్టిషన్‌ను ఆ సంఖ్యతోనే వెతుకుతుంది, ముందు ఏది దొరికితే దాన్ని పట్టుకుంటుంది. అప్‌డేట్ ఎస్‌ఎస్‌డీ మీద కూర్చుంది, గ్రబ్ హార్డ్ డిస్కులోని ఆరు నెలల కిందటి జాబితా చదివింది. ఎన్నిసార్లు అప్‌డేట్-గ్రబ్ నడిపినా ఫలితం ఉండదు, ఎందుకంటే ప్రతిసారీ సరైన జాబితాను తప్పు డిస్కు మీద రాస్తున్నాం. గ్రబ్ వైపు నుంచి చూస్తే తప్పు డిస్కు అంటున్నాను.

బీఎల్‌కేఐడీ అనే కమాండ్ నడిపి, ఒకే యూయూఐడీ రెండు చోట్ల ఉందేమో చూడండి. ఉంటే, మెషీన్ ఆపి పాత డిస్కు కేబుల్ తీసి లేపి చూడండి. కొత్త కెర్నల్ వచ్చిందా, కారణం దొరికినట్టే. పాత డిస్కును ఉంచుకోవాలంటే, దాని పార్టిషన్ మౌంట్ కాని స్థితిలో ట్యూన్2ఎఫ్‌ఎస్, హైఫన్ పెద్ద యు, ర్యాండమ్ అని ఇచ్చి కొత్త సంఖ్య పెట్టండి. ఈఎక్స్‌టీ4 పార్టిషన్‌కు ఇది పని చేస్తుంది. ఏ డిస్కు పేరు కొడుతున్నారో రెండుసార్లు చూసుకోండి. ఈ పని వాయిదా వేయకూడదు. రెండు డిస్కులకూ ఒకే సంఖ్య ఉన్నంతకాలం రూట్ కూడా ఏ డిస్కు నుంచి వస్తుందో గట్టిగా చెప్పలేం. మీరు ఈ రోజు దాచుకున్న ఫైలు రేపు కనిపించకపోవచ్చు.

ఒకే మెషీన్‌లో రెండు లినక్సులు ఉంచుకునే వారికి మరో మెలిక ఉంది. ఉబుంటు పక్కన ఫెడోరా వేశారు, ఉబుంటు గ్రబ్‌తో లేస్తున్నారు అనుకుందాం. ఉబుంటు మెనూలో ఫెడోరా పేరు ఉంటుంది, కానీ అది ఉబుంటు చివరిసారి జాబితా రాసుకున్ననాటి ఫెడోరా. ఫెడోరాలోకి వెళ్లి కెర్నల్ అప్‌డేట్ చేస్తే ఫెడోరా తన జాబితాలో రాసుకుంటుంది, ఉబుంటుకు చెప్పదు. ఫెడోరా మామూలుగా మూడు కెర్నళ్లే ఉంచుకుని పాతవి తీసేస్తుంది. ఇంకొన్ని అప్‌డేట్లయ్యాక ఉబుంటు మెనూలోని ఫెడోరా వరుస లేని ఫైలును చూపిస్తుంది, అప్పుడు ఫైలు దొరకలేదని గ్రబ్ ఆగిపోతుంది. ఉబుంటులోకి వెళ్లి అప్‌డేట్-గ్రబ్ నడిపితే తాత్కాలికంగా సర్దుకుంటుంది. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి, పక్క వ్యవస్థలను వెతికే ఓఎస్-ప్రోబర్‌ను మొదటే ఆపి ఉంచుతున్నారు. అది కావాలంటే ఈటీసీ, డిఫాల్ట్, గ్రబ్ ఫైలులో గ్రబ్ అండర్‌స్కోర్ డిజేబుల్ అండర్‌స్కోర్ ఓఎస్ అండర్‌స్కోర్ ప్రోబర్ అన్నదాన్ని ఫాల్స్ అని పెట్టాలి. నా మాట అడిగితే, ప్రతి లినక్సూ తన సొంత బూట్‌లోడర్‌తోనే లేవడం శ్రేయస్కరం. యూఈఎఫ్ఐ మెషీన్లలో ఈఎఫ్ఐబూట్‌ఎమ్‌జీఆర్ అనే కమాండ్ ఇస్తే ఎన్ని బూట్‌లోడర్లు నమోదయ్యాయో, ఈసారి ఎవరు లేపారో, వరుస క్రమం ఏమిటో మూడూ కనిపిస్తాయి. క్రమం అక్కడే మార్చుకోవచ్చు.

ఫెడోరా ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. 2019లో ఫెడోరా 30 నుంచి అక్కడ పద్ధతి మార్చారు. పెద్ద జాబితా ఒకటి తిరగరాసే బదులు, బూట్ కింద లోడర్, దాని కింద ఎంట్రీస్ డైరెక్టరీలో కెర్నల్‌కు ఒక చిన్న ఫైలు పెడతారు. గ్రబ్ లేచిన ప్రతిసారీ ఆ డైరెక్టరీనే చదువుతుంది. సిస్టమ్‌డీ-బూట్ అనే మరో బూట్‌లోడర్‌ది కూడా ఇలాంటి దారే. నాకు ఈ మార్పు ఎంతో నచ్చింది. కెర్నల్ వచ్చినప్పుడు దాని చీటీ వస్తుంది, పోయినప్పుడు చీటీ పోతుంది, మధ్యలో మరపుకు చోటు తగ్గింది. అందుకే ఉబుంటు వాడే స్నేహితుడు చెప్పిన కమాండ్‌ను ఫెడోరాలో గుడ్డిగా కొట్టకండి. అక్కడ ముందు చూడవలసింది ఆ డైరెక్టరీలో కొత్త కెర్నల్ పేరుతో ఫైలు ఉందా లేదా అని.

ఇక బూట్ పార్టిషన్ నిండిపోవడం. ఇది అందరికీ తెలిసిందే, అయినా ఆగకుండా జరుగుతుంది. 500 మెగాబైట్ల లోపు పార్టిషన్‌లో పాత కెర్నళ్లు పేరుకుంటాయి. కొత్త ఇనిట్‌ఆర్‌డీకి చోటు చాలదు. ఇందాక గుర్తుంచుకోమన్న వరుస ఇక్కడ ఆగుతుంది, జడ్‌జడ్-అప్‌డేట్-గ్రబ్ దాకా పని రాదు. డీఎఫ్ హైఫన్ హెచ్ స్లాష్ బూట్ అంటే ఎంత ఖాళీ ఉందో తెలుస్తుంది. పాత కెర్నల్ ప్యాకేజీ ఒకటి ఏపీటీ ద్వారానే తీసేయండి. తీసేముందు యూనేమ్ హైఫన్ ఆర్ చూసుకుని, ఇప్పుడు నడుస్తున్నదాన్ని మాత్రం ముట్టుకోకండి. ఫైళ్లను చేత్తో చెరిపేస్తే ప్యాకేజీ లెక్కలో అవి ఇంకా ఉన్నట్టే ఉండి మరో చిక్కు వస్తుంది. తర్వాత డీపీకేజీ, హైఫన్ హైఫన్ కాన్ఫిగర్, హైఫన్ ఏ. సగంలో ఆగిన పనులన్నీ పూర్తవుతాయి. అప్‌డేట్ నడుస్తుండగా కరెంటు పోయిన మెషీన్‌కూ ఇదే మందు. ఒక్కోసారి మెనూలో కొత్త కెర్నల్ ఉండి, దానికి ఇనిట్‌ఆర్‌డీ లేకపోతే, రూట్ ఫైల్‌సిస్టమ్ మౌంట్ చేయలేకపోయానంటూ అన్‌నోన్ బ్లాక్ సున్నా, సున్నా అనే కెర్నల్ ప్యానిక్ వస్తుంది. డిస్కు పోయిందని బెంగపడకండి. మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ కింద పాత కెర్నల్ ఎంచుకుని లేచి, ఇనిట్‌ఆర్‌డీ తయారు చేసుకోండి.

మెనూయే కనిపించడం లేదా? చాలా ఉబుంటు మెషీన్లలో దాన్ని దాచి ఉంచుతారు. యూఈఎఫ్ఐ మెషీన్ అయితే ఆన్ చేసిన వెంటనే ఎస్కేప్ కీ, బయాస్ అయితే షిఫ్ట్ పట్టుకోండి. మెనూలో కొత్త కెర్నల్ ఉండి కూడా పాతదే లేస్తుంటే, డిఫాల్ట్‌గా ఏది ఎంచుకోవాలో ఎప్పుడో ఎవరో రాసిపెట్టి ఉంటారు. ఈటీసీ, డిఫాల్ట్, గ్రబ్‌లో గ్రబ్ అండర్‌స్కోర్ డిఫాల్ట్ చూడండి. సొంతంగా కంపైల్ చేసిన కెర్నల్‌ను ఎంచుకుంటే సంతకం చెల్లదని గ్రబ్ తిప్పికొడితే, అది సెక్యూర్ బూట్ పని. మోక్‌యుటిల్ హైఫన్ హైఫన్ ఎస్‌బీ హైఫన్ స్టేట్ అంటే అది ఆన్‌లో ఉందో లేదో చెబుతుంది. మీ తాళంచెవిని నమోదు చేసుకుని కెర్నల్‌కు సంతకం పెట్టుకోవడం సరైన దారి.

రాస్‌బెరీ పై వాడే విద్యార్థులకు ఒక్క ముక్క. అందులో గ్రబ్ ఉండదు, పై ఫర్మ్‌వేరే ఫ్యాట్ పార్టిషన్ నుంచి కెర్నల్‌ను తీసుకుంటుంది. 2023లో వచ్చిన బుక్‌వర్మ్ విడుదల నుంచి ఆ పార్టిషన్ బూట్ కింద ఫర్మ్‌వేర్ అనే డైరెక్టరీలో మౌంట్ అవుతుంది. పాత పాఠాలు చూసి మీరు కంపైల్ చేసిన కెర్నల్‌ను నేరుగా బూట్ డైరెక్టరీలో పెడితే ఫర్మ్‌వేర్‌కు అది కనబడదు.

చివరగా దూరాన ఉన్న సర్వర్లను చూసుకునేవారికి. కొత్త కెర్నల్ లేవకపోతే వెళ్లి బటన్ నొక్కే వీలుండదు కాబట్టి, గ్రబ్-రీబూట్ అనే కమాండ్ నేర్చుకోండి. గ్రబ్ అండర్‌స్కోర్ డిఫాల్ట్‌ను సేవ్డ్ అని పెట్టి, జాబితాను ఒకసారి తిరగరాయించి, గ్రబ్-సెట్-డిఫాల్ట్‌తో నమ్మకమైన పాత కెర్నల్‌ను శాశ్వత ఎంపికగా ఉంచండి. గ్రబ్-రీబూట్‌కు కొత్త కెర్నల్ పేరు ఇవ్వండి. ఆ ఒక్కసారికే కొత్తది ప్రయత్నిస్తుంది. కెర్నల్ వాక్యంలో ప్యానిక్ ఈక్వల్స్ 10 అని చేర్చి ఉంటే, కొత్తది ప్యానిక్ అయిన 10 సెకన్లకు మెషీన్ తనంతట తాను రీస్టార్ట్ అయి పాత కెర్నల్‌తో లేస్తుంది. ఒక షరతు ఉంది. ఈ ఒక్కసారి అన్న గుర్తును గ్రబ్‌ఎన్వ్ అనే ఫైలులో గ్రబ్ చెరపగలగాలి. బూట్ డైరెక్టరీ ఎల్‌వీఎమ్ మీదో, సాఫ్ట్‌వేర్ రెయిడ్ మీదో ఉంటే గ్రబ్ అక్కడ రాయలేదు, గుర్తు అలాగే ఉండిపోయి ప్రతిసారీ కొత్తదాన్నే లేపుతుంది. అందుకని ముందు మీ పక్కనే ఉన్న మెషీన్ మీద, ఆ సర్వర్‌కు ఉన్న డిస్కు అమరికతోనే, ఒకసారి చేసి చూడండి. కొత్త కెర్నల్‌తో లేచాక యూనేమ్ హైఫన్ ఆర్ అడిగి, కొన్నాళ్లు నడిచాక, అప్పుడు గ్రబ్-సెట్-డిఫాల్ట్‌ను కొత్తదానికి మార్చండి. పాతదాన్ని ఒకటి మెనూలో ఉండనివ్వండి.